నొప్పి బిళ్ళలు వాడుతూ పేగుల్ని ఎలా కాపాడుకోవాలి: గ్యాస్ టాబ్లెట్ ఒక్కటే సరిపోదు

మోకాళ్ళకో నడుముకో మెడకో నెలల తరబడి నొప్పి బిళ్ళలు మింగే మనిషి దాదాపు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. కడుపు పాడవదా అని అడిగితే వెంటనే వచ్చే జవాబు, "పొద్దున్నే పరగడుపున పాన్ 40 వేసుకుంటున్నా కదా, ఏం కాదులే" అని. ఆ ధీమాలో సగమే నిజం. గ్యాస్ బిళ్ళ చేసే పని యాసిడ్ తగ్గించడం, ఆ యాసిడ్ ఉండేది జీర్ణాశయంలోనూ దాని కిందున్న మొదటి జానెడు పేగులోనూ, అక్కడి వరకు పుండ్లు పడకుండా అది బాగానే కాపాడుతుంది. ఆ తర్వాత ఇంకా దాదాపు 6 మీటర్ల చిన్నపేగు ఉంది, దాని తర్వాత పెద్దపేగు ఉంది, అక్కడ జరిగే డ్యామేజీకి యాసిడ్ కారణం కాదు కాబట్టి యాసిడ్ తగ్గించే బిళ్ళ అక్కడ అడ్డుపడలేదు.

ఎవర్నీ భయపెట్టడానికి రాయట్లేదు. పంటి నొప్పికి రెండ్రోజులు బిళ్ళ వేసుకున్న ఆరోగ్యవంతులు కంగారు పడక్కర్లేదు. నెలల తరబడి వాడేవాళ్ళు, వాళ్ళకి మందులు తెచ్చిపెట్టే కొడుకులు కూతుళ్ళు కోడళ్ళు, ఇది మీ కోసం. ఒక్కొక్కటి వరసగా చేసుకుంటూ పోండి.

ముందు మందుల డబ్బా మంచం మీద కుమ్మరించండి

నిజంగానే కుమ్మరించండి. బిస్కెట్ డబ్బాలో ఉన్నవి, టీవీ పక్కన ఉన్నవి, హ్యాండ్‌బ్యాగ్ జిప్పులో ఉన్నవి, అన్నీ ఒకచోటికి తేండి. ప్రతి స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి, కళ్ళకి ఆనకపోతే ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసుకుని చూడండి. పైన పెద్దగా ఉండే బ్రాండ్ పేరు కాదు, కింద ఉండే అసలు మందు పేరు కావాలి మనకి.

వోవెరాన్‌లో ఉండేది డైక్లోఫెనాక్. జీరోడాల్, హైఫెనాక్‌లో ఎసిక్లోఫెనాక్. బ్రూఫెన్, కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్. ఆడపిల్లలు నెలసరి నొప్పికి వేసుకునే మెఫ్టాల్ స్పాస్‌లో మెఫెనమిక్ యాసిడ్. నైస్‌లో నిమెసులైడ్, నాప్రోసిన్‌లో నాప్రాక్సెన్, డోలోనెక్స్‌లో పైరాక్సికామ్, కెటోరాల్‌లో కెటోరోలాక్, న్యూకాక్సియాలో ఎటోరికాక్సిబ్. గుండె కోసం వేసుకునే ఎకోస్ప్రిన్‌లో ఆస్పిరిన్. పేర్లు వేరు, కంపెనీలు వేరు, రంగులు వేరు, కానీ ఇవన్నీ ఒకే కుటుంబం, వాపు తగ్గించే నొప్పి మందులు, డాక్టర్లు ఎన్‌ఎస్‌ఏఐడీ అంటారు. డోలో 650, క్రోసిన్‌లో ఉండేది పారాసిటమాల్, అది ఈ కుటుంబం కాదు, పేగులకి ఈ రకం ఇబ్బంది దానితో రాదు. జీరోడాల్ పీ, కాంబిఫ్లామ్ లాంటి వాటిలో పారాసిటమాల్ కూడా కలిసి ఉంటుంది, అవి వేసుకుంటూ మళ్ళీ విడిగా డోలో వేసుకుంటే పారాసిటమాల్ డబుల్ అవుతుంది, ఇది చాలామంది చూసుకోరు.

ఇప్పుడు ఒకే కుటుంబానివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఎముకల డాక్టర్ రాసింది ఒకటి, పంటి డాక్టర్ రాసింది ఇంకొకటి, తలనొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నది మరొకటి, మూడూ ఒకే రోజు లోపలికి పోతుంటాయి, ఏ డాక్టర్‌కీ మిగతా రెండిటి సంగతి తెలీదు. రెండు రకాలు కలిపితే నొప్పి ఏమీ రెట్టింపు తగ్గదు, నష్టం మాత్రం పెరుగుతుంది. ఒకటి ఉంచి మిగతావి పక్కన పెట్టండి, ఏది ఉంచాలో డాక్టర్‌ని అడగండి. కానీ ఎకోస్ప్రిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు ఆపితే గుండెకి ప్రమాదం, అది డాక్టర్ చెప్తేనే.

షాపులో రెండు బిళ్ళలు, నాలుగు బిళ్ళలు అని విడిగా కొనేవాళ్ళకి ఒక మాట. కత్తిరించి ఇచ్చేటప్పుడు పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది, మన చేతికి వెండిరంగు కాగితం మాత్రమే వస్తుంది. కవర్ మీద మందు పేరు, మిల్లీగ్రాములు రాసివ్వమని అడగండి, రాసిస్తారు. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, నిమెసులైడ్ బిళ్ళలు షెడ్యూల్ హెచ్ మందులు, అంటే చీటీ లేకుండా అమ్మకూడనివి, ఆ సంగతి స్ట్రిప్ మీదే ప్రింట్ అయి ఉంటుంది. నిమెసులైడ్ అయితే 12 ఏళ్ళ లోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు, ఇంట్లో మిగిలినది కదా అని పిల్లలకి జ్వరానికి వెయ్యకండి.

లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకోండి

ఎందుకంటే ఇది తెలిస్తేనే "కోటింగ్ ఉన్న బిళ్ళ మంచిది", "సూది వేయించుకుంటే కడుపుకి పోదు" లాంటి మాటలు మీరు నమ్మరు.

మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాలు తయారవుతాయి. నొప్పి, వాపు తెచ్చేవి అవే, జీర్ణాశయం గోడకీ పేగు గోడకీ జిగురు పొరని, రక్తప్రసరణని కాపాడేవీ అవే. ఆస్పిరిన్ లాంటి మందులు వీటి తయారీని ఆపుతాయని 1971లో జాన్ వేన్ చూపించాడు, 1982లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. అంటే బిళ్ళ వేసుకోగానే నొప్పి తగ్గడం, పేగుకి రక్షణ తగ్గడం రెండూ ఒకే పని వల్ల జరుగుతున్నాయి, ఒకటి ఉంచి రెండోది తీసేయడం అంత ఈజీ కాదు.

చిన్నపేగులో ఇంకో సంగతి కూడా ఉంది. డైక్లోఫెనాక్ లాంటి మందులు రక్తంలో కలిశాక లివర్‌కి వెళ్తాయి, లివర్ వాటిని పైత్యరసంలో కలిపి మళ్ళీ పేగులోకే వదుల్తుంది, అక్కడుండే బ్యాక్టీరియా ఆ మందుని విడదీసి మళ్ళీ పనిచేసేలా చేస్తాయి, అది మళ్ళీ రక్తంలోకి ఎక్కుతుంది, మళ్ళీ లివర్, మళ్ళీ పేగు. ఒక్క బిళ్ళ వేసుకున్నా పేగు గోడకి ఆ మందు పదే పదే తగులుతూనే ఉంటుంది. మందు, పైత్యరసం, బ్యాక్టీరియా మూడూ కలిసి గోడ కణాల్ని దెబ్బతీస్తాయి, గోడ లీకవుతుంది, అక్కడ వాపు, చిన్న చిన్న గాట్లు, పుండ్లు, వాటి నుంచి కొంచెం కొంచెం రక్తం పోవడం. సూదిలో ఇచ్చినా మందు చేరేది ఆ రక్తంలోకే, ఆ లివర్‌కే. ఎంటెరిక్ కోటింగ్ బిళ్ళ జీర్ణాశయంలో కరగదు, నిజమే, కానీ అది కరిగేది ఎక్కడ అనుకున్నారు, చిన్నపేగులోనే కదా.

ఇదంతా ఊహ కాదు. చిన్నపేగు మొత్తం చూసే క్యాప్సూల్ కెమెరా 2001లో వాడకంలోకి వచ్చాక లోపల ఏముందో కళ్ళతో చూశారు. 2005లో వచ్చిన ఒక పరిశోధనలో 40 మంది ఆరోగ్యవంతులకి రెండు వారాల పాటు డైక్లోఫెనాక్, దానితోపాటు గ్యాస్ బిళ్ళ ఒమెప్రజోల్ కూడా ఇచ్చి చూస్తే 68 శాతం మందికి చిన్నపేగులో కొత్తగా డ్యామేజీ కనిపించింది. గ్యాస్ బిళ్ళ ఇస్తూ కూడా. అదే ఏడాది ఇంకో పరిశోధనలో నాప్రాక్సెన్‌తో ఒమెప్రజోల్ కలిపి వాడినవాళ్ళలో 55 శాతం మందికి చిన్నపేగులో గాట్లు కనిపిస్తే, ఇదే కుటుంబంలోని ఇంకో మందు సెలెకాక్సిబ్ వాడినవాళ్ళలో 16 శాతం మందికే కనిపించాయి. వీటిలో చాలావరకు చిన్నవే, మందు ఆపితే మానిపోయేవే, మనిషికి తెలియను కూడా తెలియదు. మన బాధంతా సంవత్సరాల తరబడి ఆపకుండా వాడేవాళ్ళ గురించి.

మీరు ఎక్కువ రిస్క్ ఉన్నవాళ్ళలో ఉన్నారేమో చూస్కోండి

65 దాటినవాళ్ళు. ఇంతకుముందు కడుపులో పుండు పడినవాళ్ళు, రక్తం పోయినవాళ్ళు. రక్తం పలచబడటానికి ఎసిట్రామ్, క్లోపిడోగ్రెల్, ఎకోస్ప్రిన్ లాంటివి వాడేవాళ్ళు. స్టెరాయిడ్ బిళ్ళలు వాడేవాళ్ళు. డిప్రెషన్‌కి, టెన్షన్‌కి ఎస్సిటలోప్రామ్ లాంటివి వాడేవాళ్ళు, ఇది చాలామందికి తెలీదు కానీ ఆ మందులు కూడా రక్తస్రావం రిస్క్ పెంచుతాయి. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే, పేగు ఏళ్ళ తరబడి వాచి పుండ్లు పడే జబ్బులు ఉన్నవాళ్ళు, జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంది. పెద్దపేగులో తిత్తులు, అదే డైవర్టిక్యులా ఉన్నాయని రిపోర్ట్‌లో వచ్చినవాళ్ళు. రోజూ మద్యం తాగేవాళ్ళు. వీళ్ళలో ఎవరైనా సరే సొంతంగా ఒక్క బిళ్ళ కూడా వేసుకోకుండా ముందు డాక్టర్‌ని అడగాలి.

కిడ్నీ జబ్బున్నవాళ్ళది వేరే సంగతి, పేగుల కంటే ముందు కిడ్నీకే దెబ్బ. ఉద్దానం లాంటి చోట్ల, అక్కడే కాదు ఎక్కడైనా, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే లెక్క) ఎక్కువున్నవాళ్ళకి ఈ బిళ్ళలు అసలు వద్దు. బీపీకి రెండు రకాల మందులు వాడుతూ అందులో ఒకటి ఒంటికొచ్చే నీరు తీసే బిళ్ళ అయితే వాళ్ళు కూడా అడగకుండా వేసుకోవద్దు.

డెంగ్యూ సీజన్‌లో ఇంకా గట్టిగా చెప్తాను. జ్వరం ఏంటో తేలేదాకా డైక్లోఫెనాక్ సూది వద్దు, బ్రూఫెన్ వద్దు, ఆస్పిరిన్ వద్దు. ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బులో ఇవి రక్తస్రావానికి దారి తీస్తాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరకి వెళ్ళినా సరే, "పారాసిటమాల్ మాత్రమే ఇవ్వండి" అని నోరు తెరిచి చెప్పండి, తప్పేం లేదు.

బిళ్ళ అవసరం తగ్గించే పనులు మొదలుపెట్టండి

ఈ స్టెప్ దాటేసి కిందకి పోకండి. పేగులకి అన్నిటికంటే పెద్ద రక్షణ బిళ్ళల సంఖ్య తగ్గడమే.

మోకాలు, వేళ్ళ కీళ్ళు, మడమ దగ్గర నొప్పి అయితే ముందు జెల్ వాడండి, డైక్లోఫెనాక్ జెల్ రాస్తే రక్తంలోకి వెళ్ళేది బిళ్ళతో పోలిస్తే చాలా తక్కువ, దాదాపు 6 శాతం అంటారు. కానీ చిటికెడు తీసుకుని ఒకసారి రుద్ది తగ్గలేదు అంటే కుదరదు. ఒక శాతం జెల్ అయితే ఒక మోకాలికి ఒకసారికి 4 గ్రాములు, అంటే 30 గ్రాముల ట్యూబ్ ఏడెనిమిది సార్లకే అయిపోతుంది, రోజుకి నాలుగు సార్లు చొప్పున కొన్ని రోజులు రాసి చూడాలి. నడుము లోపలి నొప్పికి, తుంటికి ఇది అంత పనిచెయ్యదు, చర్మానికి దగ్గరగా ఉండే కీళ్ళకే.

మోకాళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళకి తొడ కండరం గట్టిపడితే నొప్పి తగ్గుతుంది. టవల్ చుట్ట చుట్టి మంచం మీద కాలు చాపి మోకాలి కింద పెట్టుకోండి, మోకాలితో ఆ చుట్టని కిందకి నొక్కండి, తొడ పైన కండరం బిగుసుకోవడం చేత్తో తెలుస్తుంది, 5 లెక్కపెట్టి వదలండి, పదిసార్లు, రెండో కాలు కూడా, పొద్దున సాయంత్రం. వారంలో తేడా కనపడదు, రెండు నెలలు చెయ్యాలి. కింద కూర్చుని కూరగాయలు తరగడం, బట్టలుతకడం మానేసి పీట కాకుండా కుర్చీ వేసుకోండి, బాత్రూంలో వెస్టర్న్ కమోడ్ పెట్టించండి, కుదరకపోతే ఇండియన్ దాని మీద పెట్టుకునే కుర్చీలు దొరుకుతున్నాయి. బరువు నాలుగైదు కిలోలు తగ్గినా మోకాలికి తెలుస్తుంది.

బిళ్ళే కావాలంటే ముందు పారాసిటమాల్. 650 బిళ్ళ అయితే ఆరు గంటలకి ఒకటి, రోజుకి 4 దాటకూడదు, లివర్ జబ్బున్నవాళ్ళు, మద్యం అలవాటున్నవాళ్ళు, పెద్ద వయసువాళ్ళు ఇంకా తక్కువ, డాక్టర్ చెప్పినంత. అరుగుదల నొప్పికి ఇది అంత గొప్పగా పనిచెయ్యదని ఒప్పుకోవాలి, కానీ కొందరికి చాలు.

నాట్లకి, మిరప కోతలకి పోయేవాళ్ళు పొద్దున్నే పని మొదలుపెట్టే ముందే ఒక బిళ్ళ వేసుకుని వెళ్తారు, నొప్పి వస్తుందేమోనని. వాళ్ళ కష్టం తెలిసి ఎవరూ తప్పనలేరు. కానీ నొప్పి రాకముందే రోజూ వేసుకునే ఈ అలవాటే పేగులకి అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే పేగుకి మానే టైమే ఇవ్వట్లేదు. వారంలో కనీసం కొన్ని రోజులు ఆపి, ఆ రోజుల్లో జెల్లు, వేడి కాపడం, పారాసిటమాల్‌తో గడపండి. కీళ్ళ నొప్పులకని పొట్లాల్లో అమ్మే పేరులేని పొడులు మాత్రం ముట్టుకోవద్దు. మొదటి రోజే అద్భుతంగా తగ్గింది అంటే అందులో స్టెరాయిడో డైక్లోఫెనాకో కలిపి ఉండొచ్చు, ఇలా కలిపినవి పట్టుబడ్డాయి కూడా.

తప్పనిసరిగా వాడాల్సి వస్తే ఇలా వాడండి

రుమటాయిడ్ ఆర్థరైటిస్, యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముక బిగుసుకుపోయే జబ్బు), గౌట్ ఉన్నవాళ్ళకి ఈ మందులు లేకపోతే లేచి నిలబడటమే కష్టం, వాళ్ళని మానేయమనట్లేదు.

ఒకే మందు, నొప్పికి సరిపడే అతి తక్కువ డోసు, అతి తక్కువ రోజులు. డాక్టర్ చెప్పకుండా సొంతంగా అయితే మూడు నుంచి అయిదు రోజులు దాటనివ్వకండి. ఎసిక్లోఫెనాక్ 100 రోజుకి రెండు అంటే అదే ఫుల్ డోసు, నొప్పి తగ్గలేదని మూడోది వెయ్యొద్దు. అన్నం తిన్నాక వేసుకోండి, మంట తగ్గుతుంది, కానీ తిన్నాక వేసుకున్నాం కాబట్టి పేగుకి ఏం కాదు అనుకోవద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు. మజ్జిగ, పెరుగు మంచివే, రోజూ తీసుకోండి, అవి ఈ మందుకి విరుగుడు మాత్రం కాదు.

గోడ మీద క్యాలెండర్‌లో వేసుకున్న రోజు పక్కన ఒక గీత పెట్టండి. నెలాఖరుకి గీతలు లెక్కపెడితే "ఎప్పుడో ఒకటి వేసుకుంటా" అన్న మాటలో నిజమెంతో తేలిపోతుంది, డాక్టర్‌కి కూడా అదే చూపించొచ్చు.

గ్యాస్ బిళ్ళ గురించి జాగ్రత్తగా చదవండి. డాక్టర్ రాస్తే ఆపొద్దు, పైన జీర్ణాశయంలో పుండు పగిలితే ప్రాణం మీదకొస్తుంది, దాన్ని అది ఆపుతుంది. నేను చెప్పేది అది కింద పేగుకి గొడుగు కాదని, అది ఉంది కదా అని బిళ్ళలు పెంచొద్దని. నొప్పి బిళ్ళ ఆపేశాక కూడా గ్యాస్ బిళ్ళని ఏళ్ళ తరబడి అలవాటుగా మింగుతుంటే అది కూడా అడిగి ఆపుకోండి, పేగులో బ్యాక్టీరియా తీరు మారిపోతుంది, అలా మారడం చిన్నపేగు డ్యామేజీని ఇంకొంచెం పెంచొచ్చని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది.

రిస్క్ ఉండి కూడా రోజూ వాడక తప్పనివాళ్ళు డాక్టర్‌ని సెలెకాక్సిబ్ గురించి అడగండి. 2010లో వచ్చిన కాండర్ అనే పెద్ద ట్రయల్‌లో దాదాపు 4,500 మందిని ఆరు నెలలు చూశారు, పైనా కిందా కలిపి కడుపు, పేగుల సమస్యలు డైక్లోఫెనాక్ ప్లస్ ఒమెప్రజోల్ వాడినవాళ్ళలో 3.8 శాతం మందికి వస్తే సెలెకాక్సిబ్ వాడినవాళ్ళలో 0.9 శాతం మందికే వచ్చాయి. అయితే ఈ రకానికి గుండె విషయం ఉంది, ఇదే జాతి మందు రోఫెకాక్సిబ్‌ని గుండెపోట్ల వల్ల 2004లో మార్కెట్ నుంచే తీసేశారు. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్ళకి, స్టెంట్ ఉన్నవాళ్ళకి ఇది సరిపడదు, అందుకే షాపులో అడిగి కొనే మందు కాదు.

పిల్లల దగ్గరకి అమెరికా వెళ్ళే అమ్మానాన్నల సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి నుంచి ఆరు నెలలకి సరిపడా జీరోడాల్ కట్టుకుని వెళ్తారు, అక్కడ చలికి నొప్పులెక్కువయ్యాయని కొడుకు షాపు నుంచి అడ్విల్‌దో అలీవ్‌దో పెద్ద సీసా తెస్తాడు. అడ్విల్ అంటే ఐబుప్రోఫెన్, అలీవ్ అంటే నాప్రాక్సెన్. మళ్ళీ రెండు రకాలు కలిసిపోయాయి. అక్కడ టైలెనాల్ అని దొరికేది మన పారాసిటమాల్.

ఈ లక్షణాలు కనిపెట్టి ఉండండి

చిన్నపేగు పుండ్లలో మోసం ఏంటంటే నొప్పి మందు వాటి నొప్పిని కూడా కొంత కప్పేస్తుంది. చాలామందిలో మొదట బయటపడేది రక్తం తగ్గడం ఒక్కటే. మెట్లెక్కితే ఆయాసం, కాళ్ళు లాగడం, మొహం పాలిపోవడం, వయసు వల్ల అనుకుంటారు. మా పెద్దమ్మ విషయంలో అదే జరిగింది, హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది, ఐరన్ టానిక్‌లు తాగితే కొంచెం పెరగడం మళ్ళీ పడిపోవడం, ఎండోస్కోపీ చేస్తే కడుపు శుభ్రంగా ఉంది, కొలనోస్కోపీలోనూ ఏం లేదు. చివరికి ఒక డాక్టర్ ఆవిడ బ్యాగ్ తెరవమన్నారు, బ్లౌజు మడతలో చుట్టి పెట్టుకున్న రెండు రకాల నొప్పి బిళ్ళలు బయటపడ్డాయి. అవి మందులే కాదన్నట్టు ఏ డాక్టర్‌కీ చెప్పలేదు ఆవిడ, ఎవరూ అడగనూ లేదు. ఆపేశాక ఐరన్ పట్టింది.

దొడ్డికెళ్ళాక నీళ్ళు కొట్టే ముందు ఒకసారి చూడండి. తారులా నల్లగా, జిగురుగా, మామూలుగా లేని ఘాటైన వాసనతో ఉంటే అది లోపల పోయిన రక్తం. ఐరన్ బిళ్ళలు వేసుకున్నా నల్లగానే వస్తుంది, కానీ అది మామూలుగా గట్టిగా ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపులో ఉంటుంది, జిగురు, ఆ వాసన ఉండవు. డౌటుంటే టెస్టు చేయించండి, ఊహించుకోవద్దు.

మెఫ్టాల్ వాడేటప్పుడు నీళ్ళ విరోచనాలు మొదలైతే అది తిన్నది పడక కాదు, ఆ మందుకే ఆ గుణం ఉంది, ఆపేయండి, మళ్ళీ వాడొద్దు. అన్నం తిన్న గంటకో రెండు గంటలకో బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి, ఉబ్బరం, వాంతి, తిండికి భయపడి తగ్గించుకోవడం, బరువు తగ్గడం, ఇవి వరసగా ఉంటే పేగు సన్నబడిందేమో చూడాలి. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో కొందరికి పుండ్లు మానేచోట గుండ్రంగా పల్చటి పొరలు అడ్డంగా పెరుగుతాయి, మధ్యలో చిన్న కన్నం మాత్రమే మిగులుతుంది, అచ్చం చిల్లు కానీ లాగా. దీన్ని 1988లో మొదటిసారి విడిగా గుర్తించి వర్ణించారు, డయాఫ్రమ్ జబ్బు అంటారు, ఈ మందుల వల్లే వచ్చే గుర్తు అన్నంత ప్రత్యేకమైనది. కాళ్ళకి నీరు పట్టడం కూడా చూడండి, పేగు గోడ నుంచి ప్రోటీన్ కారిపోతే రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గి అలా వస్తుంది.

రక్తం వాంతి, నల్లటి తారు విరోచనం, ఎర్రటి రక్తం ఎక్కువగా పడటం, పొట్ట చెక్కలా గట్టిపడి భరించలేని నొప్పి, లేస్తే కళ్ళు తిరిగి పడిపోవడం, గ్యాస్ పోకుండా పొట్ట ఉబ్బి వాంతులు. వీటిలో ఏది కనపడినా రేపు చూద్దాం అనొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

టెస్టులు, డాక్టర్ దగ్గర చెప్పాల్సినవి

రోజూ వాడేవాళ్ళు మూడు నుంచి ఆరు నెలలకొకసారి సీబీపీ (హిమోగ్లోబిన్, రక్తకణాలు లెక్కపెట్టే టెస్టు), క్రియాటినిన్ చేయించండి, చిన్న ఊళ్ళో కూడా అవుతాయి. హిమోగ్లోబిన్ ఆడవాళ్ళకి 12, మగవాళ్ళకి 13 కంటే తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. ఒక్క రిపోర్ట్ చూసి ఊరుకోకుండా పాతవి పక్కన పెట్టి చూడండి, 12.8 నుంచి 11.6, అక్కడి నుంచి 10.4 అని జారుతుంటే అదే కబురు. డాక్టర్ ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), అల్బుమిన్, మలంలో కనపడని రక్తం టెస్టు రాయొచ్చు.

డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు "ఏమైనా మందులు వాడుతున్నారా" అంటే బీపీ, షుగర్ మాత్రమే చెప్పి ఆపకండి. నొప్పి బిళ్ళల పేర్లు, ఎన్నాళ్ళుగా, వారానికెన్ని, ఆర్‌ఎంపీ వేసిన సూదులు, నాటు మందులు, అన్నీ చెప్పండి, స్ట్రిప్పులు కవర్లో వేసి పట్టుకెళ్ళండి. మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం ఎందుకంటే చిన్నపేగు చివర పుండ్లు కనపడితే మన దేశంలో ముందు గుర్తొచ్చేది పేగు టీబీ, తర్వాత క్రోన్స్. నొప్పి బిళ్ళల పుండ్లు కూడా చూడటానికి వాటిలాగే ఉంటాయి, పేగు వాపుని చూపించే కాల్‌ప్రొటెక్టిన్ అనే మలం టెస్టు కూడా వీటన్నిటిలో పెరుగుతుంది. బిళ్ళల సంగతి చెప్పకపోతే అవసరం లేని ఆరు నెలల టీబీ మందులు మొదలయ్యే ప్రమాదం ఉంది. అలాగని టీబీ కాదని మీరే తేల్చుకోవద్దు, పేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలంటే చేయించుకోండి.

మామూలు ఎండోస్కోపీ పైనుంచి మొదటి పేగు దాకా, కొలనోస్కోపీ కిందనుంచి చిన్నపేగు చివరి కొంచెం దాకా చూస్తాయి, మధ్యలో ఉన్నదంతా వాటికి అందదు. రెండూ నార్మల్ వచ్చి రక్తం మాత్రం తగ్గుతూనే ఉంటే క్యాప్సూల్ ఎండోస్కోపీ గురించి అడగండి, రెండున్నర సెంటీమీటర్ల పొడవుండే కెమెరా బిళ్ళ మింగితే అది పేగంతా ఫోటోలు తీసుకుంటూ పోతుంది. ఒక్క జాగ్రత్త, తిన్నాక మెలిపెట్టే నొప్పి, వాంతులు ఉన్నాయని ముందే చెప్పండి. పేగు సన్నబడి ఉంటే ఆ కెమెరా అక్కడే ఇరుక్కుపోవచ్చు, అలాంటివాళ్ళకి ముందు స్కాన్ గానీ, కరిగిపోయే డమ్మీ క్యాప్సూల్ గానీ పెట్టి చూస్తారు. డయాఫ్రమ్ పొరలు చాలా పల్చన కాబట్టి స్కాన్‌లో కూడా ఒక్కోసారి కనపడవు.

డ్యామేజీ అని తేలితే

మొదటి వైద్యం మందు ఆపడమే, దాని బదులు నొప్పికి ఏం వాడాలో అదే రోజు అడిగి రాయించుకోండి, లేకపోతే నాలుగో రోజుకి మళ్ళీ పాత బిళ్ళ దగ్గరకే చేరతారు. చిన్న పుండ్లు కొన్ని వారాల్లో మానతాయి. గుండె కోసం ఆస్పిరిన్ ఆపలేనివాళ్ళకి మిసోప్రోస్టాల్ అనే మందు ఉంది, అది తగ్గిపోయిన ప్రోస్టాగ్లాండిన్ పనిని బయట నుంచి చేస్తుంది. 2018లో వచ్చిన మాస్టర్స్ ట్రయల్‌లో 8 వారాలు వాడినవాళ్ళలో 54 శాతం మందికి చిన్నపేగు పుండ్లు పూర్తిగా మానాయి, ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చినవాళ్ళలో 17 శాతం మందికే. విరోచనాలు, కడుపునొప్పి తెస్తుంది, గర్భిణులు అస్సలు వాడకూడదు, గర్భం పోతుంది, అందుకని ఇది స్పెషలిస్ట్ చేతిలో మందే. రెబామిపైడ్ అని ఇంకొకటి జపాన్‌లో ఎక్కువ వాడతారు, మన దగ్గరా దొరుకుతుంది, దాని మీద ఉన్న పరిశోధనలు చిన్నవి. పేగులో పొరలు ఏర్పడితే మాత్రం మందులతో పోవు, బెలూన్‌తో వెడల్పు చెయ్యాలి, కుదరకపోతే ఆపరేషన్.

ఆపాక నాలుగు నుంచి ఆరు వారాలకి హిమోగ్లోబిన్ మళ్ళీ చేయించండి. పెరుగుతుంటే ఐరన్ డాక్టర్ చెప్పినన్నాళ్ళు పూర్తిగా వాడండి, నంబర్ బాగుపడింది కదా అని మధ్యలో వదిలేస్తే నిల్వలు నిండవు. బిళ్ళలు నిజంగా ఆపినా పెరగకపోతే కారణం ఇంకేదో ఉంది, పెద్దపేగు క్యాన్సర్‌తో సహా అన్నీ చూడాలి, మళ్ళీ డాక్టర్ దగ్గరకి వెళ్ళండి. ఆ ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో "నొప్పి మందులు పడవు" అని రాసి కింద మందు పేరు రాయండి, రేపు పళ్ళ డాక్టర్ దగ్గరకో ఎముకల డాక్టర్ దగ్గరకో ఎవరు తీసుకెళ్ళినా ముందు అదే చూపించాలి.